చెవి మందగించిన పిల్లలకు తరగతి గది



చెవి మందగించిన పిల్లవాడు తరగతిలో ప్రశ్నకు బదులు చెప్పనిచో వానికి మొద్దు అను పేరు వచ్చును. ఆ పేరు వచ్చుటలో గదికి కూడ పాలు కలదని తలచువారు తక్కువ.

శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో వెనుకటి పల్లె బడులు పెక్కు తాటాకు పాకలలో నడచెడివి. ఆకు ధ్వనిని పీల్చుకొనును. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వంటి తుఫానులకు గురియైన ఈ తీరమున పాకకు బదులు కాంక్రీటు కప్పు వచ్చుట మేలే. కాని నున్నని గోడలు, గచ్చునేల, కాంక్రీటు కప్పు ధ్వనిని త్రిప్పికొట్టును. ఉపాధ్యాయుని మొదటి మాట మ్రోగుచుండగనే రెండవ మాట దానిపై బడును. మంచి చెవి గలవారు ఎట్లో సర్దుకొందురు. శ్రవణయంత్రము పెట్టుకొన్నవానికి మాటతోపాటు ఆ మ్రోతయు పెద్దదై వినవచ్చును. ఇక రేకుల కప్పైనచో వాన కురిసినంతసేపు పాఠము ఎవ్వరికిని అందదు.

1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒక క్రొత్త ఉపన్యాసశాలలో మాట తెలియకపోయెను. వాలేస్ సబైన్ అను యువ ఆచార్యుడు వేరొక శాలలోని ఆసనముల మెత్తలను రాత్రివేళ తెచ్చి పరచి, ఎన్ని మెత్తలకు మ్రోత ఎంత తగ్గునో కొలిచెను. గోగునార పండించు రైతులకు, నెల్లిమర్ల జనపనార మిల్లు పేరెరిగినవారికి ఆ మెత్తలకు బదులేమో చెప్పనక్కరలేదు. పాత గోనెలను దులిపి, పొరలుగా కుట్టి, చట్రములకు బిగించి, వెనుకగోడకు నాలుగంగుళముల ఎడముగా నిలిపినచో మ్రోత కొంత అణగును. విద్యుత్తు తీగలకు మాత్రము దూరముగ నుంచవలెను. వినికిడి తక్కువైనవారి గదిలో మ్రోత 0.4 సెకండులోపల అణగవలెనని బ్రిటను నిబంధన. గోనెతోనే అంత సాధ్యము కాకపోవచ్చును. నేలపై చాపలు, కిటికీలకు దళసరి తెరలు కూడ తోడు కావలెను. గరగరలాడు పంకాను బాగుచేయించుట అన్నిటికంటె ముందు పని.

నేరుగా వచ్చు గొంతు, దూరము రెట్టింపైనప్పుడెల్ల 6 డెసిబెల్లు తగ్గును. కనుక ఆ పిల్లవాడు ముందు కూర్చుండవలెను. బల్లలను లాడము ఆకారమున వేసినచో తోటివారి పెదవులు కూడ వానికి కనబడును. ఉపాధ్యాయుడు కిటికీకి వెన్నుచేసి నిలిచినచో ముఖము నీడలో మునుగును. నల్లబల్లవైపు తిరిగి పలికినచో పెదవులే కనబడవు.

బొత్తిగా వినలేనివానికి గోనెల వలన ప్రయోజనము లేదు. వానికి కావలసినది సంజ్ఞాభాష తెలిసిన గురువు, ఆ గురువు చేతులపై చక్కని వెలుతురు. గ్రంథాలయమున పిల్లలకు కథలు చెప్పు గదికిని ఇవన్నియు వర్తించును.