భోజనశాలలలో పొగత్రాగుటను నిషేధింపవలెనా?

హోటళ్లలోను, మద్యశాలలలోను పొగత్రాగుటను బొత్తిగా నిషేధింపవలెనా, లేక కొంత సడలింపు చూపవలెనా యనునది నేటి ప్రసంగమునకు విషయము. ఇది పట్టణవాసుల గొడవ, మన పల్లెలకేల యని కొందరనుకొనవచ్చును. కాని నేడు చిన్న గ్రామమునకైనను ఒక కాఫీ హోటలు తప్పదు. ఉదయము ఇడ్డెనలకై పిల్లవాడు పోవునదియు, వ్యవహారము మాటలాడుకొనుటకు పెద్దలు కూర్చుండునదియు, పొలమునకు పోవుచు కూలివాడు గ్రుక్కెడు తేనీరు త్రాగునదియు అచ్చటనే. కావున ఈ ప్రశ్న మన వాకిటి ప్రశ్నయే యని నా మనవి.

పొగత్రాగుట మన పూర్వులనుండి వచ్చిన యాచారమని వాదించువారు కొందరు కలరు. చరకసంహితయందు ధూమపానము చెప్పబడిన మాట నిజమే. అయితే అది ఓషధులను నూరి వత్తిగాజేసి, వైద్యుడు చెప్పిన వేళకు, చెప్పిన మాత్రముగా పీల్చు చికిత్స. అందు పొగాకు లేదు, ఉండుటకు వీలును లేదు. ఏలయన పొగాకు అమెరికాఖండపు మొక్క. 1492లో కొలంబసు ఆ దీవులకు చేరిన పిదపగాని తక్కిన ప్రపంచమునకు దాని పేరు తెలియదు. పోర్చుగీసువారి మూలమున అది మన దక్షిణాపథమునకు దిగినది. క్రీడాభిరామమున ఓరుగల్లు పూటకూళ్లయింటి భోజనము ఎంతో సొగసుగా వర్ణింపబడినది. కాని ఆ కాకతీయుల కాలపు పూటకూటింట చుట్టపొగ లేదు. ఆ యాకు వచ్చిన కొలదికాలమునకే దానిని చూచి వెరచిన ప్రభువులును కలరు. ఇంగ్లండు రాజు మొదటి జేమ్సు 1604లో దానిని నిందించుచు ఒక చిన్న గ్రంథమే వ్రాసెను. జహాంగీరు చక్రవర్తి 1617లో దానిని కూడదని యాజ్ఞాపించెను. ఆ యాజ్ఞలు నిలువలేదు. అలవాటు నిలిచినది. అయినను నాలుగువందల యేండ్ల యలవాటును సనాతనమనుట చెల్లదు.

ఇక పొగ సంగతి విచారింతము. తర్కశాస్త్రము చదువ మొదలిడిన విద్యార్థికి మొట్టమొదట చెప్పు ఉదాహరణము కొండమీది పొగను గూర్చినది. ఎచట పొగ కలదో అచట నిప్పు కలదు. కొండమీద పొగ కానవచ్చుచున్నది. కావున అచట నిప్పు కలదు. ఈ యుదాహరణములోనే మన విషయమునకు వలసిన కీలకము ఇమిడియున్నది. నిప్పు కొండమీదనే యుండును. పొగ మాత్రము క్రిందనున్న మనవరకు వచ్చును. నిప్పు రగిల్చినవాని చేతిలో నిలుచును. పొగ చుట్టునున్న యెల్లవారి ముక్కులలోను దూరును.

సిగరెట్టుగాని బీడీగాని కాలునపుడు రెండు పొగలు పుట్టును. త్రాగువాడు లోనికి పీల్చి విడుచునది యొకటి. అతడు పీల్పకుండ వ్రేళ్లనడుమ పట్టుకొనియున్నపుడు కాలుచున్న కొననుండి ఊరక లేచునది రెండవది. గదిలో క్రమ్ముకొను పొగలో ఎక్కువ పాలు ఈ రెండవదే. ఇది ఏ వడపోతయు లేక నేరుగా గాలిలో కలియును. పొగాకుపొగలో ఏడువేలకు పైబడిన రసాయనపదార్థములు కలవనియు, వానిలో సుమారు డెబ్బది క్యాన్సరును కలిగించునవనియు శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

పొగ త్రాగనివానికి దీనివలన నిజముగా కీడు కలదా యను సందేహము చాలకాలముండెను. జపానుదేశమున హిరయామా యను వైద్యపరిశోధకుడు ఎన్నడును పొగత్రాగని తొంబదివేలకు పైగా గృహిణులను పదునాలుగేండ్లు గమనించి, 1981లో తన ఫలితములను ప్రకటించెను. భర్త యెంత యెక్కువగా సిగరెట్లు కాల్చునో, భార్యకు ఊపిరితిత్తుల క్యాన్సరు అంత యెక్కువగా వచ్చుచున్నదని తేలినది. ఆమె నోట సిగరెట్టు లేదు. ఆమె చేసినదెల్ల ఆ యింట గాలి పీల్చుటయే. తరువాత అనేకదేశములలో జరిగిన పరిశోధనలు ఈ నిర్ణయమునే బలపరచినవి. 2006లో అమెరికా ప్రభుత్వపు ప్రధానవైద్యాధికారి వెలువరించిన నివేదికలో, ఇతరుల పొగ ఇంతవరకు పీల్చినచో హానిలేదని చెప్పదగిన మోతాదే లేదనియు, పంకాలచేతను గాలిమార్పిడి యంత్రములచేతను ఈ హాని పూర్తిగా తొలగదనియు స్పష్టముగా వ్రాయబడినది. ఇతరుల పొగవలన ప్రపంచమున ఏటేట పదిలక్షలకు పైగా జనులు మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ గణించినది.

ఈ విషయమున మన దేశపు శాసనమెట్లున్నదో తెలిసికొనుట అవసరము. 1999లో కేరళ ఉన్నతన్యాయస్థానము బహిరంగస్థలములలో పొగత్రాగుట ఇతరుల జీవనహక్కునకు భంగకరమని తీర్పు చెప్పినది. 2001 నవంబరులో సర్వోన్నతన్యాయస్థానము ఆసుపత్రులు, విద్యాలయములు, గ్రంథాలయములు, న్యాయస్థానములు, ప్రభుత్వకార్యాలయములు, రైళ్లు మున్నగు తావులలో దీనిని నిషేధించినది. ఆ పట్టికలో భోజనశాలలు లేవు. 2003లో పార్లమెంటు చేసిన చట్టము వానినికూడ చేర్చినది. 2008 అక్టోబరు 2, గాంధీజయంతినాడు అమలులోనికి వచ్చిన నియమములు కాఫీ హోటళ్లను, మద్యశాలలను కూడ పేరుపెట్టి చెప్పినవి. పొగత్రాగినవానికి రెండువందల రూపాయలవరకు జరిమానా విధించినవి. పొగ త్రాగరాదను పలక కట్టవలసిన బాధ్యతయు, బూడిదపళ్లెములు, అగ్గిపెట్టెలు ఉంచరాదను బాధ్యతయు యజమానిపై పెట్టినవి.

అయితే ఆ 2003 చట్టముననే ఒక మినహాయింపు కలదు. ముప్పది గదులున్న హోటలుగాని, ముప్పదిమందికి తక్కువ కాకుండ కూర్చుండు వసతిగల భోజనశాలగాని పొగత్రాగువారికొక ప్రత్యేకస్థలము ఏర్పరచుకొనవచ్చును. నాలుగువైపుల నిండుగోడలు, తమంత తాము మూసికొను తలుపులు, పొగను బయటికి లాగు యంత్రము ఉండవలెనని నియమము. నేటి వివాదమంతయు ఈ మినహాయింపు నుంచవలెనా, తీసివేయవలెనా యనుదానిమీద నున్నది.

ఉంచవలెననువారి వాదములను న్యాయముగా విందము. మొదటిది స్వేచ్ఛ. “పొగాకు అమ్ముట నేరము కాదు, కొనుట నేరము కాదు, నా డబ్బుతో కొని నా నోట పెట్టుకొనుటకు మీరెవ్వరు?” అని యడుగుదురు. ఈ ప్రశ్న తోసివేయదగినది కాదు. మనుష్యుని చెడ్డ యలవాటునెల్ల శాసనముతో మాన్పజూచుట నాకును సమ్మతము కాదు. కాని ఈ నిషేధము కాల్చవలదని చెప్పుట లేదు. పదిమంది కూర్చుండు కప్పుక్రింద కాల్చవలదని మాత్రమే చెప్పుచున్నది. కల్లు త్రాగువాడు తన కడుపులోనికే త్రాగును. ప్రక్కవాని గొంతులో పోయడు. పొగత్రాగువాడట్లు కాదు. తన స్వేచ్ఛను ప్రక్కవాని గొంతులోనికి కూడ పంపుచున్నాడు.

రెండవ వాదము: “ఇష్టములేనివారు వేరొక హోటలునకు పోవచ్చును గదా?” అనునది. భుజించువాడు పోవచ్చును. వడ్డించువాడు ఎక్కడికి పోవును? నాయొద్ద చదివినవాడొకడు పట్టణమున ఒక మద్యశాలలో వడ్డన చేయుచుండెను. జన్మమున సిగరెట్టు ముట్టనివాడు. పండుగకు వచ్చినపుడు వానిని దగ్గు విడువకుండుట చూచి, కారణమడిగితిని. “నేను కాల్చనండి మాస్టారూ, కాని మా బల్లలకాడ పది గంటలు నిలబడుతానండి” అనెను. ఆ పనిని విడిచినచో ఇంట పొయ్యి వెలుగదు. భుజించువాడు అచట నుండునది ఒక గంట, వాడుండునది దినమంతయు. నిషేధమును గూర్చి తలచునపుడు మన దృష్టి మొదట ఈ పనివానిపై నిలువవలెనని నా యభిప్రాయము. ప్రత్యేకమైన గది కట్టినంతమాత్రమున వాని చిక్కు తీరదు. ఆ గదిని ఊడ్చి బూడిద యెత్తవలసినవాడు వాడే. తలుపు తెరచినప్పుడెల్ల పొగ వెలుపలికి వచ్చుచుండును.

మూడవది వర్తకునివాదము: నిషేధించినచో గిరాకి పడిపోవుననునది. దీనికి ఐర్లండు సమాధానము చెప్పినది. మద్యశాల అచటివారికి మన రచ్చబండ వంటిది. 2004 మార్చి 29న ఆ దేశము మద్యశాలలతోకూడ కప్పుగల పనిచోటులన్నిటను పొగను నిషేధించినది. దేశమంతట ఇట్లు చేసిన మొదటి రాజ్యమదియే. ప్రజలు తిరుగబడుదురని యనేకులు జోస్యము చెప్పిరి. జరిగినది వేరు. పొగత్రాగువారు వీధిలోనికి పోయి కాల్చి మరల లోనికి వచ్చి కూర్చుండిరి. డబ్లిను నగరమున 42 మద్యశాలల గాలిని నిషేధమునకు ముందును తరువాతను పరీక్షింపగా, సూక్ష్మధూళి 83 శాతము తగ్గినట్లు తేలినది. అచట పనిచేయుచు పొగత్రాగని సేవకుల ఊపిరిబలము మెరుగుపడినది. స్కాట్లండులో 2006 నిషేధము తరువాత, తొమ్మిది ఆసుపత్రులలో గుండెపోటు జాతి రోగములతో చేరినవారి సంఖ్య ఒక సంవత్సరములో 17 శాతము తగ్గినది. ఇట్టి నిషేధములవలన హోటళ్ల, మద్యశాలల వ్యాపారము దెబ్బతినదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ వివిధదేశముల లెక్కలు చూచి 2009లో తేల్చినది.

నాలుగవ వాదము మన తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. గుంటూరు పొగాకుబోర్డునకు నెలవు. ప్రకాశము జిల్లా రైతులు, గోదావరి లంకల రైతులు ఈ యాకును నమ్ముకొని తరములు గడపిరి. నిజామాబాదు, కరీంనగరము ప్రాంతములలో వేలకొలది స్త్రీలు బీడీలుచుట్టి పిల్లలను సాకుచున్నారు. వీరి కూడు చెడగొట్టుదుమా? ఈ మాట విన్నపుడు నాకును మనసు కరగును. కాని హోటలులో కాల్చరాదనుట పంటను నిషేధించుట కాదు. మన సిగరెట్టు పొగాకులో గొప్పభాగము విదేశములకు ఎగుమతి యగుచున్నది. ఆ రైతునకు, ఆ స్త్రీకి వేరు పంట, వేరు పని చూపుట ప్రభుత్వమునకు విధియే. ఆ విధిని నెరవేర్చుమని గట్టిగా అడుగవలసినదే. అంతమాత్రమున వారి కూటికై హోటలు కుఱ్ఱవాడు తన ఊపిరిని ఈయవలెననుట న్యాయము కాదు. ఒక పేదవాని పేరు చెప్పి వేరొక పేదవానిని బలిపెట్టరాదు.

“మా తాత చుట్ట కాల్చుచు తొంబదియేండ్లు బ్రతికెను” అను మాటయు ప్రతియూరను వినబడును. వరదలో ఏరు దాటినవాడొకడు కలడని, ఏరు వట్టిపోయినదని యెవ్వరును అనరు. బ్రిటనుదేశపు వైద్యులను యాబదియేండ్లు వెంటబడి పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితమునుబట్టి, జీవితాంతము సిగరెట్టు త్రాగువారు సగటున పదియేండ్ల యాయువును పోగొట్టుకొనుచున్నారు. మన ఉత్తరాంధ్రమున నిప్పును నోటిలోనికి పెట్టుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిటిలో క్యాన్సరు వచ్చుట వైద్యులకు చిరకాలమునుండి తెలిసినదే.

అన్నివైపుల నాలోచించి నేను చెప్పునది యిది. మినహాయింపును తొలగింపవలెను. దానియందొక పక్షపాతము కూడ కలదు. పదిమంది కూర్చుండు మన పాక హోటలులో కాల్చిన కూలివాడు నేరస్థుడు. ముప్పది గదుల మేడలోని ప్రత్యేకస్థలమున కాల్చిన ధనికుడు మర్యాదస్థుడు. ఒకే పొగకు రెండు ధర్మములుండరాదు.

ఇక శాసనము చేయునది కొంత, ఊరు చేయునది కొంత. పలక గోడమీద నుండి, దాని క్రిందనే పెద్దమనిషి చుట్ట ముట్టించినచో ఆ పలకను ఎవ్వరు చదువుదురు? మన గ్రామములలో పోలీసువానికంటె ముందు పెద్దల నడవడి శాసనము. కావున ఈ ప్రసంగము వినిన పెద్దలను మూడు పనులు కోరుచున్నాను. మీ ఊరి హోటలు యజమానిని పిలిచి, బూడిదపళ్లెము తీసివేసి పలక కట్టుమని మంచిమాటతో చెప్పుడు. అలవాటున్నవారు కాల్చదలచినపుడు మీరే ముందు లేచి, వాకిలి దాటి, పిల్లలు లేని చోటికి పొండు. మిమ్ము చూచి కుఱ్ఱవారు లేతురు. గ్రామసభ కూడినపుడు ఈ విషయమును ఎత్తి, తీర్మానము చేసి, మినహాయింపు తీసివేయుమని మీ ప్రతినిధులకు వ్రాయుడు. హోటలులో గ్లాసులు కడుగు కుఱ్ఱవానికి గ్రామసభలో నోరు లేదు. వాని పక్షమున మాటలాడవలసినవారు మీరే.