అతిథి మర్యాద - ఎవరి శ్రమ, ఎవరి పేరు?

(గోదావరి జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఈ రోజు మాట్లాడబోయే విషయం చూడటానికి చిన్నది. డిసెంబరు మూడో వారం నుంచి కనుమ పండగ దాటేవరకు, అంటే క్రిస్మస్ సెలవుల దగ్గర్నుంచి సంక్రాంతి సెలవుల దాకా, మన కోనసీమలోనూ నరసాపురం, భీమవరం వైపు ఊళ్ళలోనూ కొన్ని ఇళ్ళు, కొబ్బరితోటల్లో కట్టిన కాటేజీలు హైదరాబాదు నుంచీ విశాఖపట్నం నుంచీ వచ్చేవాళ్ళతో నిండిపోతున్నాయి. ఒకప్పుడు ఇలా వచ్చేవాళ్ళకి దిండిలో పర్యాటక శాఖ రిసార్టు, హౌస్‌బోట్లే గతి. ఇప్పుడు పాత మండువా లోగిళ్ళకి సున్నాలు వేయించి, గదికో స్నానాలగది కట్టించి, సొంత ఇళ్ళనే అద్దెకిస్తున్నారు. దీన్ని "హోంస్టే" అంటున్నారు. కొబ్బరికాయ ధర ఎప్పుడు పడుతుందో తెలియని రైతు కుటుంబానికి ఆ నెల రోజుల రాబడి ఆసరాయే. నేను దానికి వ్యతిరేకిని కాదు. నా ప్రశ్నలు మూడు. ఈ వ్యాపారంలో అమ్ముతున్నది ఏమిటి? దాన్ని తయారుచేస్తున్నది ఎవరు? డబ్బు ఎవరి చేతికి వస్తోంది?

అమ్ముతున్నది ఏమిటి?

అమ్ముతున్నది గది కాదు. గదే కావాలంటే అమలాపురంలోనూ రాజమండ్రిలోనూ లాడ్జీలున్నాయి. ఇక్కడికి వచ్చేవాళ్ళు కోరేది ఇంటి వంట, పండగ వాతావరణం, "గోదారోళ్ళ మర్యాద". ఈ మూడూ ఆడవాళ్ళ చేతుల్లోంచి వచ్చేవే.

ఆ ఇంటి ఇల్లాలి రోజు ఎలా ఉంటుందో ఒక్కసారి చూడండి. నాలుగింటికి లేస్తుంది. వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ధనుర్మాసపు ముగ్గు పెడుతుంది. వచ్చినవాళ్ళు లేచి ఆ ముగ్గుకి ఫొటోలు తీసుకుంటారు. కాఫీలు, పెసరట్టు ఉప్మా. తర్వాత మధ్యాహ్నం భోజనాలకి రొయ్యల ఇగురు, బొమ్మిడాయిల పులుసు. పులస కావాలని అడిగేవాళ్ళూ ఉంటారు. అది వరదల రోజుల్లో గోదావరికి ఎదురెక్కే చేప అనీ, డిసెంబరులో దొరకదనీ నవ్వుతూ చెప్పాలి. నవ్వుతూ చెప్పడం కూడా పనే. సాయంత్రం గారెలో పునుగులో వేయాలి. పండగ దగ్గరపడితే బియ్యం నానబోసి, పిండి కొట్టించి, పాకం పట్టి అరిసెలు వండాలి. రాత్రి పదిన్నరకి ఎంగిలి కంచాలు తీసేటప్పుడు కూడా ఆమెని ఎవరూ "పనిచేస్తోంది" అనరు. "ఇంటికొచ్చినవాళ్ళకి ఆ మాత్రం పెట్టుకోమా?" అంటారు. ఆమె కూడా అదే అంటుంది.

2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ఇది మామూలు రోజుల లెక్క. ఇంటికి నలుగురు డబ్బిచ్చే అతిథులు వచ్చిన రోజున పెరిగిన పని ఎవరి నిమిషాల్లో కలుస్తుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. సంక్రాంతికి కూతుర్నీ అల్లుణ్ణీ పిలుచుకోవడం మన జిల్లాల్లో ఎంత పెద్ద విషయమో మీకు తెలుసు. కొత్త అల్లుడికి వందల రకాల వంటకాలు వడ్డించిన ఫొటోలు ఏటా పత్రికల్లో పడతాయి. వండినవాళ్ళ పేర్లు మాత్రం పడవు. సరే, ఆ కూతురు పండక్కి వచ్చేసరికి ఆమె పడుకునే గది అద్దెకి పోయి ఉంటే? "సీజను అయ్యాక రామ్మా" అనే మాట ఇప్పుడు కొన్ని ఇళ్ళలో వినిపిస్తోంది. పుట్టింట్లో ఆడపిల్లకి మిగిలిన కాస్త చోటు, ఏడాదికి ఆ నాలుగు రోజులు, అదీ బేరంలో పోతోంది.

ఇది మనకి కొత్త కాదు

ఇల్లు కదలకుండా ఆడవాళ్ళు చేసే పని ప్రపంచ మార్కెట్టుకి వెళ్ళడం ఈ గడ్డకి కొత్త కాదు. నరసాపురం లేసు సంగతి మీ అందరికీ తెలుసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన ఆ అల్లిక చుట్టుపక్కల ఊళ్ళన్నింటికీ పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధన చేసి, 1982లో నరసాపురం లేసు పనివారి మీద పుస్తకం ప్రచురించారు. ఆమె చూపించింది ఏమిటి? రోజంతా అల్లే స్త్రీలని గృహిణులుగా, వాళ్ళ పనిని తీరిక వేళల కాలక్షేపంగా చూశారు. కార్మికులుగా చూడలేదు కాబట్టి కూలి తక్కువ ఇచ్చినా అడిగే దారి లేకపోయింది. వ్యాపారం, ఎగుమతి మగవాళ్ళ చేతుల్లోకి వెళ్ళాయి. పొలానికి వెళ్ళకుండా ఇంటి పట్టున ఉండటం పరువుగా భావించిన కుటుంబాల్లో ఆ పరువే స్త్రీల బేరసారాల శక్తిని తీసేసింది.

ఇప్పుడు లేసు అన్నచోట "అతిథి మర్యాద" అని పెట్టి చదవండి. తేడా ఏమన్నా ఉందా?

మరో సంగతి. మన జిల్లాల నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు కువైట్‌కీ ఇతర గల్ఫు దేశాలకీ ఇంటిపనికి వెళ్ళారు, ఇప్పటికీ వెళ్తున్నారు. అక్కడ వాళ్ళు పడే కష్టాలు, మోసాలు మనకి తెలియనివి కావు. అయినా అక్కడ ఆ పనికి వీసా ఉంది, నెలకింత అని జీతం ఉంది. వంట చేయడం, పక్కలు సర్దడం, గిన్నెలు కడగడం, పరాయివాళ్ళని కనిపెట్టుకుని ఉండటం - కువైట్‌లో ఉద్యోగం అయినదే కోనసీమలో సొంత ఇంట్లో చేస్తే మర్యాద అయిపోతోంది. పని మారలేదు, పేరు మారింది. పేరు మారగానే ఖరీదు పోయింది.

కాగితాల మీద ఎవరున్నారు?

కేంద్ర పర్యాటక శాఖకి ఇళ్ళలో బస ఏర్పాట్లకి ఒక పథకం ఉంది. బంగారు, వెండి అని రెండు తరగతులు. గరిష్ఠంగా ఆరు గదులు, పన్నెండు పడకలు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలని నియమం. అంటే ఇల్లాలు ఉండటమే ఆ వ్యాపారానికి అర్హత. కానీ దరఖాస్తు పెట్టేది యజమాని. యజమాని ఎవరు? ఇంటి దస్తావేజు మీద ఎవరి పేరుంటే వాళ్ళు. మన ఇళ్ళలో అది మామగారో, భర్తో.

2005 గృహహింస చట్టం ఆమెకి ఆ ఇంట్లో నివసించే హక్కు ఇచ్చింది. ఇంటి మీద సంపాదనలో వాటా ఇవ్వలేదు. పుట్టింటి ఆస్తి సంగతి చూస్తే, మన రాష్ట్రం 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చింది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు, తండ్రి 2005 నాటికి బతికి ఉండాలన్న అవసరం లేదని తేల్చింది. చట్టం ఇంత దూరం నడిచినా, కట్నం ఇచ్చాం కదా అనే మాటతో దస్తావేజులు మగపిల్లల పేర్లకే వెళుతున్నాయి.

ఇందులో వింత ఏమిటంటే, చాలాచోట్ల గదికి ఎ.సి. పెట్టించడానికీ పరుపులు కొనడానికీ తెచ్చిన అప్పు డ్వాక్రా సంఘంలోది. అప్పు ఆమె పేరు మీద, వాయిదా కట్టే బాధ్యత ఆమెది. బుకింగు వచ్చేది ఆయన ఫోనుకి, డబ్బు పడేది ఆయన ఖాతాలో.

ఇంటిపత్రం మీద ఆడవాళ్ళ పేరు రాయడం అసాధ్యం అనుకోకండి. 2020 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజునే, కాకినాడ దగ్గర కొమరగిరిలో ఇళ్ళస్థలాల పంపిణీ మొదలైంది. ఆ పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. ప్రభుత్వం తలుచుకుంటే పేదల విషయంలో చేయగలిగిన పని, ఆస్తి ఉన్న ఇళ్ళ విషయంలో ఎందుకు తలుచుకోదు?

రెండో ఆమె

ఇంతవరకు ఇంటి ఇల్లాలి గురించి చెప్పాను. ఇంత మాత్రమే చెప్పి ఆగిపోతే సగం నిజం దాచినట్టే. ఆ ఇంటికి పొద్దున్నే వచ్చి గదులు ఊడ్చి, మరుగుదొడ్లు కడిగి, దుప్పట్లు ఉతికే రెండో ఆమె ఉంది. చాలాసార్లు ఆమె దళిత వాడ నుంచి వస్తుంది. చాలాసార్లు ఆమె క్రైస్తవురాలు.

1836లో ఈ దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం ప్రాంతంలో మిషను పెట్టినప్పటి నుంచీ, రాజమండ్రిలో లూథరన్లు పనిచేసినప్పటి నుంచీ ఈ డెల్టాలో ఎన్నో దళిత కుటుంబాలకి చర్చి ఆత్మగౌరవంతో నిలబడే చోటయింది. డిసెంబరులో వాడల్లో ప్రతి ఇంటి మీదా కాగితపు నక్షత్రం వెలుగుతుంది. రాత్రిపూట పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. పిల్లలకి కొత్త బట్టలు కడతారు. ఆమెకి ఏడాదికి ఒక్క పండగ అది. అదే రోజున కాటేజీలు నిండుతాయి. "ఈ నాలుగు రోజులూ మానకు" అంటారు. మానితే జనవరిలో పని ఉండదు.

ఆమె గట్టిగా అడగలేకపోవడానికి ఇంకో కారణం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకి షెడ్యూల్డు కులాల హోదా ఉండదు. అందువల్ల కాగితం మీద ఒక మతం, మనసులో ఒక మతంగా బతికే కుటుంబాలు మన మధ్య ఎన్నో ఉన్నాయి. "నాకు క్రిస్మస్ సెలవు కావాలి" అని నోరు తెరవడం కూడా అటువంటి ఆమెకి భయమే.

అదే నెలల్లో దాళ్వా నాట్లు ఉంటాయి. నాట్లకి ఆడవాళ్ళు ముఠాగా వెళతారు, కూలి ముందే మాట్లాడుకుంటారు, చేను అయ్యాక ఇంటికి వస్తారు. నడుము విరుగుతుంది గానీ పక్కన పదిమంది ఉంటారు. కాటేజీలో ఆమె ఒంటరి. వేళ లేదు, రేటు లేదు. తాగి ఉన్న అతిథి ఉన్న గదిలోకి దుప్పటి మార్చడానికి వెళ్ళాల్సి వస్తే ఆమె ఎవరికి చెప్పుకోవాలి? ఇల్లాలికి చెబితే "బయటికి తెలిస్తే ఇంటి పరువు పోతుంది" అంటుంది. ఇద్దరూ పొద్దున్నుంచీ రాత్రి దాకా ఒకే ఇంట్లో కష్టపడతారు. ఒకరికి జీతం లేదు, ఒకరికి సరైన జీతం లేదు. అయినా కులం ఇద్దరి మధ్యా గడప వేసి ఉంచింది. రెండో ఆమె కడిగిన గదిలో అతిథులు పడుకుంటారు గానీ, వంటింట్లోకి ఆమెకి ప్రవేశం ఉండని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఈ విషయం దాటవేసి "స్త్రీలందరి సమస్య ఒకటే" అంటే అది నిజం కాదు.

ఏం అడగాలి?

ఒకటి. రిజిస్ట్రేషను భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉండాలి. బస నడిపే ఇళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఏ రాయితీ అయినా ఇల్లాలి పేరున్న ఖాతాకే రావాలి.

రెండు. గది అద్దె, భోజనం ఖరీదు వేర్వేరుగా రాయాలి. భోజనం డబ్బు వండినవాళ్ళ చేతికి రావాలి. నోటుపుస్తకంలో రెండు గళ్ళు గీస్తే చాలు, ఇంట్లో ఎవరి శ్రమ ఎంత తెస్తోందో కనిపిస్తుంది.

మూడు. శుభ్రం చేసే ఆమెకి సీజను మొదలుకాకముందే రోజు కూలి, పని వేళలు మాట్లాడాలి. 1976లో సమాన వేతన చట్టం వచ్చింది. 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ సూత్రం ఉంది. తోటమాలికి ఇచ్చేదానికంటే, అదే స్థాయి పని చేసే ఆమెకి తక్కువ ఎందుకు ఇవ్వాలని అడగాలి. డిసెంబరు 24, 25 తేదీల్లో ఆమెకి జీతంతో సెలవు ఇవ్వాలి. ఆ రెండు రోజులూ గదులు ఆ ఇంటి మగవాళ్ళు ఊడవవచ్చు.

నాలుగు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం ఇంటిని కూడా పనిస్థలంగా గుర్తించింది. పదిమంది కంటే తక్కువమంది పనిచేసే చోట ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వాలి. మూడు నెలల లోపు ఇవ్వాలి. 2022లో జిల్లాల విభజన జరిగింది కాబట్టి, మీ మీ జిల్లాల్లో ఆ కమిటీలో ఎవరున్నారో, ఎక్కడ కూర్చుంటారో కలెక్టరు ఆఫీసులో కనుక్కోండి. ఆ వివరాలు ప్రతి కాటేజీ గోడ మీదా తెలుగులో అంటించేలా చూడండి.

అయిదు. ఈ పని మొదలుపెట్టడానికి మన చేతుల్లో డ్వాక్రా సంఘాలు ఉన్నాయి. అప్పుల వాయిదాల గురించి మాట్లాడుకునే ఆ సమావేశాల్లోనే ఈ రేట్ల గురించి కూడా మాట్లాడాలి. ఇల్లాలూ, శుభ్రం చేసే ఆమె ఒకే చాప మీద కూర్చుని మాట్లాడాలి. ఆ చాప మీద కూర్చోవడం మొదటి సంవత్సరం కష్టంగానే ఉంటుంది. దానికి తయారుగా వెళ్ళండి.

"ఇంటికొచ్చినవాళ్ళకి అన్నం పెట్టి లెక్క రాసుకుంటామా?" అని మిమ్మల్ని అడుగుతారు. ఉచితంగా వచ్చిన చుట్టానికి లెక్క రాయమని మనం అనడం లేదు. రసీదు తీసుకుని వచ్చినవాళ్ళ విషయంలో లెక్క ముందే మొదలైంది. అందులో మన పేరు కూడా రాయమంటున్నాం. వచ్చే డిసెంబరు లోపల మీ మండలంలో ఎన్ని ఇళ్ళు ఇలా నడుస్తున్నాయో, ఎవరి పేరు మీద ఉన్నాయో, అక్కడ ఎవరు పనిచేస్తున్నారో రాసుకుని రండి. అక్కడినుంచి మొదలుపెడదాం.