గురి కుదిరితేనే గ్రహం

కంప్యూటర్ టెలిస్కోప్‌లో శనిగ్రహం పేరు నొక్కితే అదే తిరిగి చూపిస్తుంది. అయితే ముందు దానికి ఆకాశాన్ని పరిచయం చేయాలి.

తేదీ, సమయం, ఊరు సరిగ్గా ఇవ్వండి. భూభ్రమణం వల్ల ఆకాశం 4 నిమిషాలకు సుమారు 1 డిగ్రీ జరుగుతుంది. అంటే రెండు నిండు చందమామల వెడల్పు! గడియారం తప్పితే గురీ తప్పుతుంది.

అలాంటి తేడాలను సరిదిద్దేవి నక్షత్రాలే. దూరదూరంగా ఉన్న రెండింటిని, వేసవి రాత్రయితే స్వాతి, అభిజిత్‌లను ఎంచుకోండి. ముందు తక్కువ పవర్ ఐపీస్‌తో వెతికి, తర్వాత ఎక్కువ పవర్ ఐపీస్‌తో ఒక్కొక్కదాన్నీ నట్టనడుమకు తెచ్చి ఖాయం చేయండి. ప్రతిసారీ చివరి కదలిక ఒకే దిశలో ముగించండి. పళ్లచక్రాల మధ్య వదులు గురిని చెడగొట్టకుండా ఉంటుంది.

ఈ పది నిమిషాల ఓపికకు రాత్రంతా ఆకాశం ఫలితమిస్తుంది.