కుల్ధారా: దెయ్యం కథ కాదు, నీళ్ల కథ

రాజస్థాన్‌లో, థార్ ఎడారిలో, జైసల్మేర్‌కి దగ్గర్లో కుల్ధారా అని ఒక ఖాళీ ఊరుంది. ఫోన్‌లో వెతికితే అన్నీ దెయ్యం వీడియోలే. నిజం చెప్పాలంటే, నేను కూడా మొదట అలాంటి స్క్రిప్టే రాసుకున్నాను. తర్వాత ఒక డౌట్ వచ్చింది. ఏడాదికి 200 మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని చోట వందల ఇళ్ల జనం ఏం తిని బతికారు?

దానికి జవాబు ఖడీన్. అక్కడి పాలివాల్ బ్రాహ్మణులు, రాతినేల మీద పడిన వాన పారివచ్చే పల్లంలో మట్టికట్ట వేసేవాళ్లు. నీళ్లు అక్కడ నిలిచి నేలలోకి ఇంకేవి. చలికాలంలో ఆ తేమతోనే గోధుమ, శనగ పండించేవాళ్లు. మోటారు లేదు, కాలువ లేదు! బీటెక్‌లో నాకు ఇది ఎవరూ చెప్పలేదు.

మరి ఊరెందుకు ఖాళీ అయింది? సాలిమ్ సింగ్ అనే దివాన్ వేధింపులు భరించలేక 84 ఊళ్ల జనం ఒక్క రాత్రిలో శాపం పెట్టి వెళ్లిపోయారని అక్కడ చెప్పుకుంటారు. పరిశోధకులు మాత్రం ఎండిన బావులు, మోయలేని పన్నులు, భూకంపం లాంటి కారణాలు చూపిస్తారు. అంటే నీళ్లు పోయినా, పాలన పీడించినా ఊరు నిలబడదన్నమాట.

అందుకే దెయ్యం స్క్రిప్ట్ డిలీట్ చేశాను. వ్యూస్ తగ్గుతాయని తెలుసు, పర్లేదు. జైసల్మేర్ ప్రాంతంలో ఖడీన్లు ఇప్పటికీ పండుతున్నాయి. మీ ఊరి చెరువుకట్ట ఎలా ఉంది? ఒకసారి వెళ్లి చూసి, కామెంట్‌లో చెప్పండి.