పాసైన పేపరు మన సొత్తు

(కూచిపూడిలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యువతకు చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని పిలిచారు. బాగా చదువుకోండి అని చెప్పి దిగిపోవచ్చు. ఆ మాట మీరు పదో తరగతి నుంచీ వింటూనే ఉన్నారు. అందుకని ఈ రోజు ఒక్క సంగతే మాట్లాడతాం. డిగ్రీ మధ్యలో ఆగినవాళ్లు, కాలేజీ మారాల్సి వచ్చినవాళ్లు అప్పటిదాకా పాసైన పేపర్లను ఇంకో విశ్వవిద్యాలయానికి ఎలా తీసుకెళ్లాలి అన్నదే ఆ సంగతి.

హాస్టల్లో పనిచేసే మాకు ఇది రోజూ ఎదురయ్యే బాధ. ఇంటర్ దాకా హాజరు పట్టీలో వరసగా ఉన్న పేర్లు డిగ్రీ రెండో ఏడు వచ్చేసరికి ఒక్కొక్కటీ రాలిపోతాయి. నాన్నకు జబ్బు చేసిందని ఒకరు మానేస్తారు. చేపల చెరువు కాపలాకు ఇల్లంతా కొల్లేటి వైపు వెళ్లిందని ఇంకొకరు. పెళ్లయి విశాఖపట్నం వెళ్లిందని మరొకరు. రెండేళ్ల తర్వాత కనిపించినప్పుడు "మళ్లీ చదువుతావా అమ్మా" అని అడిగితే, "మళ్లీ ఫస్టియర్ నుంచి ఎవరు చదువుతారు మేడం" అంటారు. మన పిల్లల చదువు చాలాసార్లు ఆ మాట దగ్గరే ఆగిపోతోంది. అందరికీ ఫస్టియర్ నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం ఉండదని చెప్పడానికే మేము వచ్చాం.

ముందు క్రెడిట్ అంటే ఏమిటో చూద్దాం. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరులో సుమారు 15 వారాలు పాఠం వింటే ఒక క్రెడిట్. ప్రాక్టికల్ అయితే వారానికి రెండు గంటలు చేస్తే ఒక క్రెడిట్. యూజీసీ చట్రం ప్రకారం ఏడాదికి సుమారు 40 క్రెడిట్లు, మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. పేపరు పాసైతేనే దాని క్రెడిట్లు మీకు వస్తాయి. ఫెయిలైన పేపరుకు రావు. పాసైనవి మాత్రం మీరు కాలేజీ మానేసినా చెరిగిపోవు.

ఆ క్రెడిట్లను దాచే ఖాతానే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అంటారు. ఏబీసీ అని మీ మార్కుల మెమోల మీద, పరీక్ష ఫారాల మీద చూసే ఉంటారు. దీనికి యూజీసీ 2021 జూలైలో నిబంధనలు తెచ్చింది. డిజిలాకర్ ద్వారా ఖాతా తెరిస్తే 12 అంకెల నంబరు వస్తుంది. ఇప్పుడు అపార్ ఐడీ అని పిలుస్తున్నది దీనికి కలిపిందే. ఇందులో క్రెడిట్లు వేయాల్సింది మీరు కాదు, మీరు చదివిన విద్యాసంస్థ. మీ పని ఖాతా తెరవడం, నంబరు ఇవ్వడం, ప్రతి సెమిస్టరు తర్వాత అవి పడ్డాయా లేదా చూసుకోవడం. ఉపాధి హామీ కూలి డబ్బు ఖాతాలో పడిందో లేదో అమ్మావాళ్లు ఎలా చూసుకుంటారో ఇదీ అలాగే చూసుకోవాలి.

ఖాతాలో ఉన్నంత మాత్రాన కొత్త చోట సీటు వచ్చినట్టు కాదు. ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. కొత్త విశ్వవిద్యాలయంలో ఖాళీ ఉండాలి, మీ పాత సిలబస్ వాళ్ల సిలబస్‌తో పోలాలి. ఈ ఊళ్లో నాట్యం నేర్చుకునే పిల్లలను చూడండి. ఒక గురువు దగ్గర రెండేళ్లు నేర్చుకుని ఇంకో గురువు దగ్గరికి వెళ్తే, ఆయన ఒకసారి ఆడించి చూస్తారు. అడుగులు, జతులు ఎంతవరకు వచ్చాయో చూసి తగిన చోట కూర్చోబెడతారు. విశ్వవిద్యాలయం మీ సిలబస్‌ను, మార్కులను చూసి చేసేదీ అదే. దాన్నే ఈక్వివలెన్స్ అంటారు.

ఒక లెక్క వేద్దాం. మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం కింద ఒక కాలేజీలో ఒక అమ్మాయి మూడు సెమిస్టర్లు చదివిందనుకోండి. సెమిస్టరుకు 20 చొప్పున మొత్తం 60 క్రెడిట్లు. అందులో నాలుగేసి క్రెడిట్ల పేపర్లు రెండు పోయాయి. అంటే చేతిలో 52 ఉన్నాయి. ఆ అమ్మాయి విశాఖపట్నంలో ఆంధ్రా విశ్వవిద్యాలయం కింద కాలేజీలో చేరాలనుకుంటోంది. మూడేళ్ల డిగ్రీకి 120 కావాలి. ఏబీసీ నిబంధన ప్రకారం కనీసం సగం క్రెడిట్లు డిగ్రీ ఇచ్చే సంస్థలోనే సంపాదించాలి. ఇక్కడ అది 60. ఆమెకు ఇంకా 68 కావాలి కాబట్టి ఆ షరతుకు ఇబ్బంది లేదు. అదే అమ్మాయి 80 క్రెడిట్లు అయ్యాక మారితే, అన్నీ పోలినా 60కి మించి లెక్కలోకి రావు. 20 క్రెడిట్ల కష్టం పక్కన పడుతుంది. మారక తప్పదని తెలిస్తే సగం దాటకముందే మారడం మంచిది.

రెండో లెక్క కాలానిది. ఖాతాలో క్రెడిట్ గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతుంది. కొన్ని కోర్సులకు అంతకన్నా తక్కువే ఉండవచ్చు. కాబట్టి పిల్ల పెద్దయ్యాక చూద్దాం, అప్పు తీరాక చూద్దాం అనుకుంటూ పోతే ఆ గడువు మీకు తెలియకుండానే అయిపోతుంది. ఇంకొక సంగతి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ సబ్జెక్టు పద్ధతి వచ్చింది. అంతకుముందు మూడు సబ్జెక్టులతో చేరి మానేసినవాళ్ల పేపర్లు కొత్త పద్ధతిలో ఎక్కడ కుదురుతాయో విడిగా అడిగి తెలుసుకోవాలి.

మన పిల్లల పని ఆగిపోయేది ఎక్కువగా కాగితాల దగ్గర. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. ఒకదాంట్లో ఇంటిపేరు ఉంటుంది, ఒకదాంట్లో ఉండదు. ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. ఇవి సరిచేయకపోతే ఓటీపీ రాదు, ఖాతా తెరుచుకోదు. మొదట ఆధార్ కేంద్రానికి వెళ్లి పేరు, నంబరు సరిచేయించుకోండి.

తర్వాత మార్కుల మెమోలన్నీ, టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, కుల ధ్రువీకరణ పత్రం ఒక ఫైల్లో పెట్టండి. మీరు చదివిన సంవత్సరం సిలబస్ కాపీ కాలేజీ ముద్రతో తీసుకోండి. ఈక్వివలెన్స్ చూసేది దాన్ని బట్టే కాబట్టి అది లేకపోతే ఫైలు కదలదు. చేరేముందే కొత్త కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టి, ఏ పేపర్లు ఒప్పుకున్నారో కాగితం మీద తీసుకోండి. నోటిమాట నమ్మి ఫీజు కట్టవద్దు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మిగిలిన ఏళ్లకు ఎలా వర్తిస్తుందో గిరిజన సంక్షేమ శాఖ జిల్లా కార్యాలయంలో ముందే అడగండి.

మా హాస్టల్లో చదివి వెళ్లిన ఒక అమ్మాయికి ఫీజు బాకీ ఉందని ఒక కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వలేదు. ఆమె ఏడుస్తూ ఇంటికి వెళ్లిపోయింది. ఏడాది పోయింది. ఒరిజినల్స్ విద్యాసంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే చెప్పింది. అడగాల్సింది నోటితో కాదు, రాతపూర్వకంగా. ఒక కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. జవాబు రాకపోతే విశ్వవిద్యాలయంలో ఎస్సీ, ఎస్టీ సెల్ ఉంటుంది, అక్కడికి వెళ్లండి. మీ దరఖాస్తు ఎక్కడ ఉందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే సాధారణంగా 30 రోజుల్లో చెప్పాలి. ఒంటరిగా వెళ్లడానికి జంకితే మమ్మల్ని పిలవండి, సంఘం పెద్దలను పిలవండి. మేము పక్కన నిలబడతాం.

ఒక పాత సంగతి కూడా మీకు తెలియాలి. 1871లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం తర్వాతి కాలంలో మన ఎరుకల వాళ్ల మీదా పడింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఏర్పడిన సెటిల్‌మెంటే. అక్కడ మన తాతలు రిజిస్టర్లో హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. దేశమంతటా ఆ చట్టం 1952లో రద్దయింది. ఊరు మారడమే తప్పయిన రోజులు మన ఇళ్లలో ఉన్నాయి. ఈ రోజుకీ పని కోసం మనం ఊళ్లు మారుతూనే ఉన్నాం. ఊరు మారిన పిల్లల వెంట చదువు కూడా వెళ్లే దారి ఇప్పుడు ఒకటి ఉంది. తెలియక దాన్ని వదులుకుంటే ఆ నష్టం ఒక్క మనిషితో ఆగదు. ఆ ఇంట్లో తర్వాతి పిల్లలు కూడా "అక్క చదివి మానేసిందిగా" అంటారు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇప్పుడు చదువుతున్నవాళ్లు ఈ వారంలోనే మీ ఏబీసీ ఖాతా తెరిచి, క్రెడిట్లు పడ్డాయో లేదో చూడండి. పడకపోతే కాలేజీ ఆఫీసులో కాగితం పెట్టండి. చదువు ఆపేసినవాళ్లు మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉంటారు. వాళ్ల ట్రంకు పెట్టెలో ఉన్న మెమోలు బయటకు తీయించి, ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో, ఏ ఏడాదివో కలిసి లెక్క వేయండి. ఆ లెక్కతో మా దగ్గరికి రండి. మిగతా దారి కలిసి వెతుకుదాం.