కుట్టుమిషను పక్కన చిల్లుల పలక
(సంఘం ఉగాది సభలో, స్త్రీల కుట్టుపని తరగతి వారి కోరికపై చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం అయినది. ఉగాది పచ్చడి అందరికీ అందినది. పద్యాలు చదవగలవారు, పాటలు పాడగలవారు ఇందరు ఉండగా, రైల్వేలో గుమాస్తాపని చేసుకొనే మమ్మల్ని కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. మా చదువు మెట్రిక్‌తో ఆగినది. సాహిత్యాన్ని గురించి మేము మాట్లాడబోతే పిల్లలు కూడా నవ్వుతారు. అందుచేత ఇంట్లో పనికివచ్చే ఒక చిన్న వస్తువును గురించి, దానికి రంగు వేసుకొనే పద్ధతిని గురించి మనవి చేస్తాము. ఆ వస్తువు చిల్లుల పలక. అంగడిలో పెగ్‌బోర్డు అని అడగాలి.

చెక్కపీచును వేడిమితోను, ఒత్తిడితోను అదిమి చేసిన పలకను హార్డ్‌బోర్డు అంటారు. 1924లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో, లారెల్ అనే ఊళ్ళో, విలియం మేసన్ అనే ఆయన రంపపు మిల్లుల్లో వృథాగా పోయే చెక్కముక్కలను ఆవిరితో పీచుగా మార్చి ఇటువంటి పలక చేసే మార్గం కనిపెట్టాడు. ఆ పలకకు అంగుళానికొకటి చొప్పున వరుసగా చిల్లులు పొడిస్తే అదే పెగ్‌బోర్డు. చిల్లుల్లో ఇనుప కొక్కేలు దూర్చి, వాటికి సామాను తగిలించుకొంటాము. కొక్కెం ఈరోజు ఇక్కడ ఉంటుంది, రేపు కావాలంటే నాలుగంగుళాలు అవతలికి పోతుంది. మేకుకు ఆ సౌకర్యం లేదు.

ఇది మనకెందుకు అని అడుగుతారేమో. మనది నూలు పండే, నూలు వడికే సీమ. పక్కనే ఉన్న రాజపాళయంలో 1936లో పి.ఎ.సి. రామస్వామిరాజా గారు నూలుమిల్లు పెట్టారు. మిల్లులో పనిచేసేవారిని లోకం చూస్తుంది. ఇంట్లో మిషను తొక్కేవారిని ఎవరు చూస్తారు? మన ఇళ్ళలో ఎందరో అక్కచెల్లెళ్ళు జాకెట్లు, లంగాలు, బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నారు. చీరలకు అంచులు వేస్తున్నారు. దీపావళి, సంక్రాంతి దగ్గరపడితే రాత్రి పన్నెండు దాకా మిషను చప్పుడు వినవస్తుంది. కొన్ని ఇళ్ళలో అద్దె కట్టేది ఆ చప్పుడే.

అయితే ఆ పనికి ఇంట్లో చోటేది? మగవాని కాగితాలకు బల్ల ఉన్నది. పిల్లవాని పుస్తకాలకు అలమర ఉన్నది. ఆమె కత్తెర మంచం కింద, దారపుకండెలు బిస్కట్ల డబ్బాలో, టేపు తలుపు గడియకు, సుద్దముక్క ఎక్కడో. చుట్టాలు వస్తే కుట్టుపని సామానంతా మూటగట్టి మూలకు తోసివేస్తారు. చుట్టాలు వెళ్ళిన తరువాత వెతుకులాట. జాకెట్టుకు కూలి ఇంత అని ఉంటుంది గాని, కత్తెర వెతికిన సేపటికి కూలి ఇచ్చేవారు లేరు. ఈలోగా నేల మీద పడిన సూది పాకే పిల్లవాని చేతికి దొరుకుతుంది. పాపాయి కాగితాలు కత్తిరించడానికి బట్టల కత్తెరే తీసికొంటుంది, దాని పదును పోతుంది. ఈ నష్టం ఏ పద్దులోనూ వ్రాయబడదు.

మా శాఖ నుండి ఒక ఉదాహరణ చెబుతాము. కంప్యూటరు రాకముందు స్టేషన్లలో అట్ట టిక్కెట్లు ఉండేవి. ఒక్కొక్క ఊరి టిక్కెట్టుకు ఒక్కొక్క గూడు. విరుదునగరం గూడులో చెయ్యి పెడితే విరుదునగరమే, తెన్‌కాశి గూడులో పెడితే తెన్‌కాశే. గూడు ఖాళీ అయితే దూరం నుండే తెలిసేది. వర్కుషాపుల్లో పనిముట్లు తగిలించే పలక మీద కూడా ఒక్కొక్క పనిముట్టు ఆకారం రంగుతో గీసి ఉంచుతారు. సాయంత్రం పలక చూస్తే ఏది తిరిగి రాలేదో కనబడుతుంది. లెక్కపుస్తకం తెరవనక్కరలేదు.

ఈ పద్ధతి ఇంట్లోకి వచ్చిన సందర్భం ఒకటి లోకప్రసిద్ధమైనది. అమెరికాలో జూలియా చైల్డ్ అనే ఆమె వంటల పుస్తకాలు వ్రాసి, టెలివిజనులో వంట నేర్పి పేరుపొందినది. 1961లో కేంబ్రిడ్జి అనే ఊళ్ళో వారు ఇల్లు సర్దుకొన్నప్పుడు ఆమె భర్త పాల్ చైల్డ్ వంటగది గోడకు చిల్లుల పలకలు బిగించి, ఒక్కొక్క గిన్నె ఆకారాన్ని వాటి మీద గీసిపెట్టాడు. ఎవరు కడిగినా ఏ గిన్నె చోటు దానిదే. ఆ వంటగదిని 2001లో వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థవారి మ్యూజియంకు తరలించారు. భార్య చేసే పనికి భర్త ఒక గోడ అమర్చి ఇచ్చాడన్నది మేము అందులో గ్రహించిన సంగతి.

ఇక పని చేసే విధానం. ఇంటి కుట్టుపనికి రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడుగు పలక చాలును. అంచున అంగుళం విడిచి లెక్కవేస్తే 23 వరుసలు, వరుసకు 35 చొప్పున, 805 చిల్లులు. రంగు వేయడంలో ఉన్న కష్టమంతా ఈ 805 చిల్లులదే. గోడకు వేసినట్లు కుంచెతో దట్టంగా వేస్తే రంగు చిల్లుల్లో దిగి గడ్డకడుతుంది. తరువాత కొక్కెం దూరదు.

పలక కొని తెచ్చిన తరువాత రెండు రోజులు అది ఉండబోయే గదిలోనే నిలబెట్టాలి. గది చెమ్మకు, వేడికి అది అలవాటుపడుతుంది. తరువాత నున్నని ముఖాన్ని సన్నని గరుకు కాగితంతో, ఇక్కడివారు ఉప్పుత్తాళ్ అంటారే దానితో, తేలికగా రుద్దాలి. మెరుపు పోతేనే రంగు పట్టుకొంటుంది. దుమ్ము పొడిగుడ్డతో తుడిచి, చిల్లుల్లోని పొట్టు దులపాలి. నీళ్ళతో కడగరాదు, పీచు ఉబ్బిపోతుంది.

మొదటి పూత నూనె ప్రైమరు. నీళ్ళరంగు నేరుగా పచ్చి పలక మీద వేస్తే తడి పీల్చి గరుకు తేలుతుంది. ప్రైమరు ముందువైపే గాక వెనుకవైపు, నాలుగు అంచులకు కూడా వేయాలి. వెనుక ఎవరు చూస్తారని విడిచిపెడితే, ఆశ్వయుజ కార్తీకాల వానలకు గోడచెమ్మ వెనుకనుండి ఎక్కి పలక వంకరపోతుంది. ప్రైమరు ఆరిన తరువాత ఎనామిల్ రంగు రెండు పూతలు, పలుచగా. నాలుగంగుళాల స్పంజి రోలరుతో, రంగు ఎక్కువైతే పళ్ళెం అంచుకు ఒత్తి తీసివేసి, ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా నడపాలి. అరలీటరు డబ్బా పుష్కలంగా సరిపోతుంది.

ప్రతి పూత తరువాత రంగు తడిగా ఉండగానే మూసుకొన్న చిల్లులను పొడిచి తెరవాలి. దానికి ఖరీదైన పనిముట్టు అక్కరలేదు. సాత్తూరు, శివకాశి, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలు మన చేతికందే దూరంలోనే తయారవుతాయి. తల తీసివేసిన అగ్గిపుల్ల చిల్లులో సరిగ్గా దూరుతుంది. ఒక్కొక్క పుల్లను నాలుగైదు చిల్లులకు వాడి పారవేయవచ్చును. ఈ పని పిల్లలకు పెద్ద వేడుక. పూతకూ పూతకూ మధ్య ఒక రాత్రి గడవాలి. ఆఖరి పూత తరువాత మూడు నాలుగు రోజులు ఆగి గాని కొక్కేలు తగిలించరాదు. తొందరపడితే కొక్కెం రంగును గీరుకొని పోతుంది. టర్పెంటైను వాసన ఉన్నంతసేపు కిటికీలు తెరిచి ఉంచాలి, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోరాదు. ఎండ పొడిగా కాసే చైత్రమాసమే దీనికి అనువైన కాలం.

రంగు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. రంగులో కలిసే సీసం పిల్లల మెదడుకు విషం. మన దేశంలో 2016లో చేసిన నిబంధనల ప్రకారం ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. ఆ సంగతి డబ్బా మీద అచ్చువేయాలి. చదివి కొనండి. అటక మీది పాత డబ్బాలను దీనికి వాడకండి.

వన్నె విషయంలో మీ ఇష్టం మీది. కాని రాత్రిపూట సూదిలో దారం ఎక్కించే కళ్ళను దృష్టిలో పెట్టుకోండి. తళతళలాడే రంగు దీపాన్ని కంట్లోకి కొడుతుంది. మెరుపు లేని మీగడరంగు, లేత ఆకుపచ్చ మంచివి. నల్లని కత్తెర, ఎర్రని కండె వాటి మీద స్పష్టంగా కనబడతాయి.

బిగించేటప్పుడు పలకను గోడకు అంటించరాదు. వెనుక అర అంగుళం మందం గల చెక్కపట్టీలు వేసి మరమేకులతో బిగిస్తే, కొక్కెం వంపు తిరగడానికి సందు ఉంటుంది, గాలి ఆడుతుంది. కత్తెరలు పిల్లలకు అందనంత ఎత్తున, మిషను ముందు నుండి లేచి నిలబడితే ఆమెకు అందేటంత ఎత్తున ఉండాలి. టేపు, కండెలు కూర్చుంటే అందేచోట. సూదులు మూత ఉన్న డబ్బాలో. ఇస్త్రీపెట్టె వంటి బరువులు ఈ పలకకు వద్దు.

చివరకు అసలు సంగతికి వచ్చాము. పలక మీద కత్తెరను పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ గీతను సన్నని కుంచెతో ముదురు రంగులో దిద్దండి. దాని కింద ‘కత్తెర’ అని తెలుగులో వ్రాయండి. అట్లాగే సూది, దారం, బొత్తాము, సుద్ద, టేపు. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు గాని, మాటల్లో సూది పోయి ఊసి వచ్చినది, బొత్తాము పోయి పొత్తాన్ వచ్చినది. తమిళం మనకు అన్నం పెట్టే భాష; దానిని మనసారా నేర్వవలసినదే. బడి ఆ పని చేస్తున్నది. తెలుగు అక్షరం నేర్పే బడి మనలో చాలామంది పిల్లలకు లేదు. ఇంటి గోడ తప్ప వేరే దిక్కు ఏది?

మనం ఉన్నది ఏ ఊరో జ్ఞాపకం చేసికోండి. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద వ్రాసినది ఈ శ్రీవిల్లిపుత్తూరు కథనే. ఆ కథానాయిక గోదాదేవి పూలు దారానికి గుచ్చిన పిల్ల. ఈనాటికీ తిరుమల బ్రహ్మోత్సవాలకు ఇక్కడినుండి మాల వెళుతున్నది. తెలుగులో అంత గొప్ప గ్రంథానికి ఇల్లయిన ఊళ్ళో ఉండి, మన ఆడపిల్ల దాని అట్ట మీది పేరు కూడా చదవలేకపోతే ఎవరికి చెప్పుకొందాము? ఆ గ్రంథం పండితులకే కష్టమైనది. మన పిల్లకు మొదట ‘సూది’ అనే రెండక్షరాలు రావాలి. అమ్మ కుట్టుపని చేసేచోట, రోజుకు పదిసార్లు కంటబడేచోట అవి ఉంటే, ఎవరూ బలవంతపెట్టకుండానే వస్తాయి.

సంఘంవారికి మా మనవి ఒకటే. మన కుట్టుపని తరగతి గోడకు ఈ చైత్రంలోనే ఒక పలక వేయిద్దాము. రంగు, రోలరు మగవారు పట్టుకొందురుగాక. చిల్లులు పొడిచే పని పిల్లలది. ఏ వస్తువు ఎక్కడ ఉండాలో నిర్ణయించడం మాత్రం కుట్టేవారిది. అక్షరాలు వ్రాయడానికి చేతివ్రాత కుదిరిన పెద్దలు ఈ సభలో ఎందరో ఉన్నారు.