అలసిన కావలివారు



ఊరి తలారి రాత్రివేళ దొంగను చూచి కేక వేయును. ఊరు మేల్కొనును, దొంగ పారిపోవును. అట్లుగాక, ఆ దొంగ ఊరిలోనే కాపురముండి రేయింబవళ్లు తలారికి ఎదురుపడుచున్నచో? అరచి అరచి తలారి గొంతు మూగవోవును. అతడు చావలేదు, పారిపోలేదు. వీధిలోనే ఉన్నాడు, కాని కేక వేయలేడు. కాన్సరు సోకిన శరీరమున జరుగునది ఇట్టిదే.

మన రక్తమునందలి తెల్లకణములలో టి-కణములను తెగ ఒకటి కలదు. వైరసు సోకిన కణములను, కాన్సరు కణములను గుర్తించి చంపుట వీని పనులలో ముఖ్యమైనది. శత్రువు కొలదిదినములలో తొలగినచో ఇవి విశ్రమించి, ఆ పోరు జ్ఞాపకమును నిలుపుకొనును. శత్రువు ఎంతకును తొలగనిచో క్రమముగా శక్తి ఉడుగును. శాస్త్రజ్ఞులు దీనినే టి-కణముల అలసట అందురు.

ఈ సంగతి మొదట తెలియవచ్చినది కాన్సరులో కాదు, ఎలుకలకు సోకిన ఒక మొండి వైరసు వ్యాధిలో. టి-కణములు బ్రతికియుండియు పనిచేయకుండుటను 1998లో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున రఫీ అహ్మద్ గారి బృందము చూపినది. వీరు హైదరాబాదున పుట్టి, ఉస్మానియాలో చదివినవారని చెప్పుటకు మేము సంతోషించుచున్నాము.

అలసిన కణముపై పి.డి.-1 అను కళ్లెము బిగిసియుండును. ఆ పదార్థమును 1992లో జపానులోని క్యోటోలో తసుకు హోంజో గారి బృందము కనుగొన్నది. ఆ కళ్లెమును వదులు చేసినచో ఎలుకలలో అలసిన కణములు మరల పనికి పూనుకొనునని 2006లో అహ్మద్ గారును, వారి సహచరులును నిరూపించిరి. 2014లో అట్టి మందులకు మెలనోమా అను చర్మపు కాన్సరు చికిత్స కొరకు అమెరికాలో అనుమతి లభించినది. మరుసటి సంవత్సరమే, మెలనోమా మెదడు వరకు ప్రాకిన మాజీ అధ్యక్షులు జిమ్మీ కార్టరు గారికి శస్త్రచికిత్స, రేడియేషనులతోపాటు ఈ మందును ఇచ్చిరి. ఆ డిసెంబరు నాటికి కాన్సరు జాడ కానరాలేదు. వారు నూరేండ్లు నిండి 2024లో గతించిరి.

అయినను ఈ మందు అందరికిని ఫలింపదు. చిరకాలము అలసిన కణములు కొన్ని పూర్తిగా కోలుకొనవు. మరియొకటి: ఈ కళ్లెమును వేసినది శరీరమే, అదియు తన మేలునకే. అది వదులైనప్పుడు టి-కణములు ఒక్కొక్కప్పుడు ప్రేగులపై, ఊపిరితిత్తులపై, కాలేయముపై తిరుగబడును. కావుననే వైద్యుని కనుసన్నలలోనే ఈ చికిత్స సాగవలెను.

మేము మనవి చేయదలచినది ఒక్కటే. కాన్సరు ముదిరిన దేహములో కావలివారు లేరని తలంపరాదు. ఉన్నారు, అలసియున్నారు. వారిని ఎంతవరకు మేలుకొలుపవచ్చునో, ఎక్కడ ఆపవలెనో తెలిసికొనుటయే నేటి వైద్యశాస్త్రము పూనిన కార్యము.